సగటు తల్లికి పాత కంప్యూటరు

హైమ సంచి సర్దుతున్నాను. నలభై అయిదు రోజుల శిక్షణ కోసం మా అమ్మాయి విజయవాడ వెళ్తోంది. నాలుగు చీరలు, రెండు తువ్వాళ్ళు, దుప్పటి, జ్వరం మాత్రలు, తలనొప్పి మాత్రలు, ఆ మాత్రలు పడకపోతే వేసుకునే మాత్రలు, చారుపొడి, వేయించిన జీడిపప్పు. అన్నీ పెట్టి మూతి బిగించి, చారుపొడి పెట్టానో లేదోనని మళ్ళీ విప్పాను. మూడోసారి విప్పినప్పుడు హైమ సంచి లాక్కుంది.

"విజయవాడెల్తన్నానమ్మా. వనవాసానికి కాదు."

"సర్దిన సేతికెరిక," అన్నాను.

నా చేతుల మీద నాకు నమ్మకం తక్కువ. మా నాన్న ఖరగపూర్ వెళ్ళినప్పుడు మూట కట్టింది నేనే. మా ఆయన సూరత్ మిల్లుకి వెళ్ళినప్పుడు రేకు పెట్టె సర్దింది నేనే. తిరిగి రానివాళ్ళ సంచులు నేనే సర్దానని బాగా గుర్తు. వచ్చినవాళ్ళవి కూడా నేనే సర్దానన్న సంగతి మాత్రం ఎవరో చెబితే తప్ప గుర్తుకి రాదు.

హైమ పలాసలో వర్షపాత నమోదు కార్యాలయంలో గుమాస్తా. ఎంత వాన పడిందో అక్కడ రాసుకుంటారు. పడకపోతే పడలేదని రాసుకుంటారు. దానికీ అంతమందే కావాలట. ఆ ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవి రెండు మిగిలాయి. వాటిని పాత సామాన్ల వాడికి వెయ్యకూడదనీ, సిబ్బంది తల్లిదండ్రుల ప్రాథమిక వినియోగానికి ఇవ్వాలనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దాని పేరు మాతాపితృ ప్రాథమిక వినియోగ పథకం. పేరు చదివి నేను చేతులు జోడించాను. అంత పెద్ద పేరున్నది మంచిదే అయి ఉంటుందని అప్పట్లో నా నమ్మకం.

తల్లి పేరున దరఖాస్తు పెట్టించింది హైమ ఒక్కతే. తల్లిని నేను ఒక్కదాన్నే. యంత్రాలు రెండు. ఒకటో నంబరు దానికి కెమెరా ఉంది, గొంతు లేదు. ఏం చేసినా చిన్న చప్పుడైనా రాదు. రెండో నంబరు దానికి గొంతు పెళ్ళి మైకంత ఉంది, కెమెరా లేదు. తెర మీద నిలువునా ఒక ఆకుపచ్చ గీత కూడా ఉందట.

నాకు కావలసింది ఒకటో నంబరు. ఎందుకో చెబుతాను. నా చెల్లెలు దాలమ్మ పోర్టుబ్లెయిరులో ఉంటుంది. తాపీమేస్త్రీని చేసుకుని ఓడెక్కి వెళ్ళిపోయింది. అక్కడే పిల్లలు, అక్కడే ఇల్లు. దాన్ని చూసి పన్నెండేళ్ళయింది. రెండేళ్ళుగా దానికి బొత్తిగా వినబడదు. ఫోను చేస్తే అది మాట్లాడుతుంది, నేను వింటాను. నేను మాట్లాడితే దానికి ఏమీ వినబడక, "అప్పా, ఉన్నావేటి? ఉంటే ఉన్నానను" అంటుంది. ఉన్నాననే అంటాను. ఉత్తరాలు రాసుకుంటాం. చిన్నప్పుడు జీడిపిక్కల బట్టీలో పనికెళ్ళేటప్పుడు పొట్లం కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను, దానికీ నేర్పాను. అందుకే మా ఇద్దరికీ తెలిసిన కథలన్నీ సగంలో చిరిగిపోయినవే. కానీ సముద్రం దాటి ఉత్తరం వచ్చేసరికి అందులోని జ్వరం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. పైగా దానికి కావలసింది ఉత్తరం కాదు.

"నీ మొగం సూసి తిట్టాలప్పా. రాతలో తిడితే ఆనట్లేదు," అంది.

హైమ ఫోను కెమెరా గాజు పగిలింది. అందులో ఎవరు నిలబడినా అవతలివాళ్ళకి పొగమంచు తప్ప మరేమీ కనబడదు. నా కంటి శుక్లాలకి ఆ చిన్న తెర మీద దాలమ్మ చింతపిక్కంత కనబడింది. ఒకటో నంబరు కంప్యూటరైతే తెర పెద్దది. దాలమ్మ నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను. దాని మాట నా బటన్ల ఫోనులో వింటాను, నా మాట పలక మీద రాసి చూపిస్తాను. పలక, బలపం కూడా కొని ఉంచాను.

గుమ్మం దాటబోతూ హైమ చెప్పింది. "అమ్మా, విచారణకొస్తారు. ఒకటో నంబరు కావాలని సెప్పు. అంతే. మరేటీ అనకు."

"అంటానేటి," అన్నాను.

వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తరవాత రెండు వారాలు అద్దం ముందు నిలబడి "ఒకటో నంబరు" అని సాధన చేశాను.

విచారణకి ఇద్దరు వచ్చారు. సూపరింటెండెంటు కూర్మారావు గారు, సాంకేతిక సభ్యుడు పట్నాయక్ గారు. ఎండన పడి వచ్చారు కదా అని మజ్జిగ ఇచ్చాను. కూర్మారావు గారు ఫైలు విప్పి గొంతు సవరించుకున్నారు.

"శ్రీమతి ఈశ్వరమ్మ గారూ, ఈ విచారణ లాంఛనప్రాయం. యంత్రములు రెండు లభ్యతలో ఉన్నవి. తమ అభిమతము తెలియజేయవలసినదిగా సంఘం తరఫున కోరుతున్నాను."

మా ఇళ్ళలో ఒక మర్యాద ఉంది. ఏం కావాలని అడిగితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి మీ ఇష్టమనాలి. మూడోసారి అడిగాక తీసుకోవాలి. మొదటి పిలుపుకే విస్తరి ముందు కూర్చునేవాళ్ళని మా అమ్మ వింతగా చూసేది. డెబ్బై ఒక్క ఏళ్ళుగా నోటికి పట్టిన ఆ అలవాటు ముందు, రెండు వారాల అద్దం సాధన నిలవలేదు.

"నాకెందుకు బాబూ ఇయ్యన్నీ, ముసిలిదాన్ని. ఏదైనా ఒకటే. మీ ఇష్టం," అన్నాను.

అని, రెండోసారి అడుగుతారని చూస్తూ నిలబడ్డాను. కూర్మారావు గారు రాస్తున్నారు. పట్నాయక్ గారు గోడ మీద కేలండరు చూస్తున్నారు. మరి కాస్త మజ్జిగ పొయ్యమంటారా అన్నాను. కూర్మారావు గారు వద్దన్నారు. కొంచెమన్నాను. వద్దమ్మా అన్నారు. సగం గ్లాసన్నాను. "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి," అని నిండు గ్లాసు తాగారు. మజ్జిగకి మూడుసార్లు అడిగించుకున్న మనిషి, యంత్రానికి నన్ను ఒక్కసారే అడిగి ఫైలు మూశారు.

వారం తరవాత కాగితం వచ్చింది. "దరఖాస్తుదారుకు ప్రత్యేక అభిమతము లేనందున, తులనాత్మక పరిశీలన అనివార్యమైనది."

తులనాత్మక పరిశీలనకి ముందు ప్రాథమిక వినియోగం అంటే ఏమిటో తేల్చాలట. అది ఒక్క ఈశ్వరమ్మని చూసి తేల్చితే పక్షపాతం అవుతుంది. కాబట్టి సగటు తల్లిని చూసి తేల్చాలన్నారు. ఆఫీసులో తొమ్మిదిమంది సిబ్బంది. అందరి తల్లుల వివరాలూ సేకరించారు. తొమ్మిదిమందిలో బతికున్నది నలుగురం. పోయినవాళ్ళని వదిలేస్తే లెక్క తప్పుతుందని వాళ్ళనీ కలిపారు. ఉండి ఉంటే కంప్యూటరుతో ఏమి చేసేవారని వాళ్ళ పిల్లల్ని అడిగారు. వాళ్ళమ్మ దాని మీద అప్పడాలు ఆరబెట్టేదని ఒకాయన చెప్పి, ఏడ్చి, ఆ పూట సెలవు పెట్టారట.

ఈ సంగతులన్నీ నాకు పట్నాయక్ గారే చెప్పారు. ఆయనకి చెప్పడం ఇష్టం. నాకు వినడం అలవాటు.

"సగటు తల్లికి డెబ్బై నాలుగేళ్ళు," అన్నారు. "ఒకటిన్నర కన్ను పనిచేస్తున్నది. ఒకటింబావు చెవి వినబడుచున్నది. తొమ్మిదింట నాలుగు పాళ్ళు జీవించి ఉన్నది. రోజుకి యాభై మూడు నిమిషాలు యంత్రము వాడగలదు."

"అంత ఓపికుందేటి ఆవిడికి?" అన్నాను.

"అది సగటు ఓపిక, అమ్మా. అయితే ఇక్కడొక చిక్కు. సగటు తల్లికి ఒకటింబావు చెవి ఉన్నది కాబట్టి, శబ్దము లేని యంత్రము ఇచ్చుట ఆమె వినికిడి హక్కుకు భంగము. ఒకటవ యంత్రము తమకు ఇవ్వజాలము."

"నాకు సప్పుడక్కర్లేదు బాబూ. సెవుడున్నది మా సెల్లికి."

"ఆమె దరఖాస్తుదారు కాదు కదా. తమకు చెవుడున్నట్టు ధ్రువపత్రము తెస్తే ఆలోచించగలము."

నాకు చెవుడు లేకపోవడం గురించి నేను సిగ్గుపడింది జీవితంలో ఆ ఒక్కసారే. ఆసుపత్రికి వెళ్ళేముందు మూడు రోజులు ఇంట్లో చెవుడు సాధన చేశాను. పాలవాడు పిలిస్తే పలకలేదు. మూడు రోజులు పాలు లేవు. పక్కింటి పార్వతి పిలిస్తే పలకలేదు. ఆమె గోడ దూకి వచ్చి నన్ను కుదిపి, బతికే ఉన్నానని తెలిశాక తిట్టి వెళ్ళింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

చెవుల డాక్టరు గంట మోగించాడు. కదలలేదు. పళ్ళెం కింద పడేశాడు. రెప్ప వెయ్యలేదు. నా అంత చెవిటిది జిల్లాలో లేదని నాకే అనిపించింది. ఆయన కాగితం ముందుకి లాక్కుని, తల దించుకుని, నెమ్మదిగా అన్నాడు.

"టీ తాగుతావేటమ్మా?"

"వద్దు బాబూ, ఇప్పుడే తాగీసొచ్చినాను," అన్నాను.

ఆయన రాసిచ్చిన కాగితంలో రెండే ముక్కలు. వినికిడి బాగుంది. మర్యాద కూడా.

ఆ కాగితం కూర్మారావు గారికి ఇచ్చేటప్పుడు తల ఎత్తలేదు. ఆయన మాత్రం సంతోషించారు. "తమ చెవులు నిరూపితమైనవి. ఇక మిగిలినది యంత్రముల న్యూనత. అది సంఘము చూసుకుంటుంది," అన్నారు.

సంఘం చూసుకుంది. పది రోజులకి రెండో కాగితం వచ్చింది. నాకు చదువొచ్చునన్న గర్వం ఉంది కనక ఎవరికీ చూపించకుండా నేనే చదువుకున్నాను. "ఒకటవ యంత్రపు న్యూనతను రెండవ యంత్రపు ఆధిక్యతతోను, రెండవ యంత్రపు న్యూనతను ఒకటవ యంత్రపు ఆధిక్యతతోను పరస్పరం పూరించి, ఉభయ యంత్రములను సమస్థాయికి తీసుకురావడమైనది." రెండుసార్లు చదివాను. రెండు యంత్రాలూ బాగుపడ్డాయని అర్థమైంది. నాకు అర్థమైందన్న సంతోషంలో దాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

హైమ తిరిగొచ్చింది. బస్సు దిగి వీధి మలుపులో కనబడేదాకా నాకు ఆ సంచి మీద అనుమానమే. శిక్షణలో దానికి మొదటి స్థానం వచ్చింది. దాని శిక్షణ ఏమిటంటే, పాత యంత్రాల సద్వినియోగం. జిల్లాలో ఆ యోగ్యత ఉన్నది అది ఒక్కతే కాబట్టి దాన్ని సంఘంలో మూడో సభ్యురాలిగా వేశారు. దరఖాస్తుదారు దాని తల్లే కాబట్టి ఆ ఫైలు దానికి చూపించకూడదన్నారు. ఆ ఫైలు గురించి ఇంట్లో గాని, ఆఫీసులో గాని మాట్లాడనని సంతకం కూడా పెట్టించుకున్నారు.

"తల్లి కాని తల్లి అయితే ఇబ్బంది లేకపోయేది," అన్నారట కూర్మారావు గారు, ఎంతో బాధగా.

అందుచేత జిల్లా మొత్తంలో ఆ యంత్రాల గురించి తెలిసిన ఏకైక మనిషి నా ఎదుట కూర్చుని వంకాయ కూర తింటోంది, నేను దానితో ఎండల గురించి మాట్లాడుతున్నాను. ఒకరోజు అదే ఉండబట్టలేక అంది.

"అమ్మా, ఇయ్యన్నీ ఒగ్గీ. నాను సెలవెడతాను. విశాఖపట్నం నుంచి ఓడుంది. ఇద్దరం ఎల్లి పిన్నిని సూసొచ్చీద్దాం."

"ఓడేటే. మునిగిపోతేనో?"

"రోజూ మునిగితే టిక్కెట్లెందుకమ్ముతారమ్మా?"

"ఎందుకొచ్చిన పెయాణం. యంత్రం వొచ్చేస్తంది కదా," అన్నాను.

సముద్రమంటే నాకు భయం. ఆ భయానికి ఒక ప్రభుత్వ పథకం దొరికింది. నేను పథకాన్ని నమ్మలేదు. దాని వెనక దాక్కున్నాను.

కార్తీకమాసం మొదలైంది. దాలమ్మ కోడలు రేవతి ఫోను చేసింది. అత్తకి ఆయాసం ఎక్కువైందనీ, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారనీ చెప్పింది. వెనక నుంచి దాలమ్మ గొంతు వినబడుతోంది. వినబడనివాళ్ళు అరిచినట్టే అరుస్తోంది.

"అప్పేనేటి? యంత్రం వచ్చినాదేటో అడుగు. దాని మొగం సూసీసినాక ఆ డాక్టరు ఏ మాత్ర మింగమంటే ఆ మాత్ర మింగుతానని సెప్పు."

ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాను. దారి పొడవునా "ఒకటో నంబరు, ఒకటో నంబరు" అనుకుంటూనే ఉన్నాను. ఆటో అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కూర్మారావు గారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు. మంచినీళ్ళు కావాలా అన్నారు. కావాలన్నాను. మొదటిసారే. ఆయన నా వైపు కొత్తగా చూశారు.

"బాబూ, నాకు ఒకటో నంబరే కావాల. రెండోది ఒద్దు. మీ ఇష్టం కాదు. నా ఇష్టం."

కూర్మారావు గారి మొహం విప్పారింది.

"ఈ ముక్క కోసమే కదమ్మా సంఘము అయిదు నెలలుగా వేచి ఉన్నది. దరఖాస్తుదారు విస్పష్ట అభిమతము. ఇక పరిశీలన అక్కరలేదు. సగటు తల్లి అక్కరలేదు. పట్నాయక్ గారూ, ఒకటవ యంత్రము విడుదల చేయండి."

పట్నాయక్ గారు ఏదో అనబోయి నోరు తెరిచారు. నేను ఆయనకీ ఒక దణ్ణం పెట్టేసరికి ఊరుకున్నారు. ఇరవై నిమిషాల్లో యంత్రం నా పక్కన ఆటోలో ఉంది. మొదటిసారే అడిగితే పనవుతుందన్న సంగతి నాకు డెబ్బై ఒకటో ఏట తెలిసింది. మా అమ్మ మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

సాయంత్రం హైమ తీగలన్నీ కలిపింది. కేబులు అతను ఇంటర్నెట్టు ఇచ్చాడు. నేను తలకి నూనె రాసి జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని, నీలం నేత చీర కట్టుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పలక మీద "దాలీ, బాగున్నావా" అని ముందే రాసి ఉంచాను. యంత్రం పెద్దగా కూసింది.

హైమ చెయ్యి ఆగిపోయింది. "దీనికి గొంతుందేటమ్మా?" అంది. తెర పైన వేలితో తడిమింది. అక్కడ చిన్న గుంట ఉంది. అందులో ఏమీ లేదు.

బియ్యం డబ్బా కింది నుంచి కాగితం తెచ్చి ఇచ్చాను. హైమ ఒక్కసారే చదివింది. "దీని కెమెరా తీసి దానికెట్టినారు. దాని గొంతు తీసి దీనికెట్టినారు," అని చాలా నెమ్మదిగా చెప్పింది. మొత్తం కాగితానికి అర్థం అంతే.

అప్పుడే తెర వెలిగి దాలమ్మ వచ్చింది.

వాళ్ళ వైపు కెమెరా బాగానే ఉంది. తెర నిండా ఉంది. జుట్టంతా తెల్లబడింది. ముక్కుపుడక తీసేసినట్టున్నారు. ఎడమ పక్క పళ్ళు లేవు. మా అమ్మలా అయిపోయింది. అదీ నూనె రాసుకుని జడ వేయించుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. కళ్ళు చికిలించి నన్ను వెతుకుతోంది.

"నల్లగా ఉందే రేవతీ. అప్ప అగుపడట్లేదు."

నేను పలక ఎత్తి చూపించాను. కన్ను లేని యంత్రానికి పలక చూపిస్తున్నానని తెలుసు. అయినా చూపించాను. ఇంకా ఎత్తుగా చూపించాను. హైమ గబగబా మీటలు నొక్కి అక్షరాలు పంపించింది. పిన్నీ, కెమెరా లేదు, అమ్మ ఇక్కడే ఉంది, నిన్ను చూస్తోంది అని. దాలమ్మ కూడబలుక్కుని చదివింది.

"ఉంటే అగుపడమను," అంది.

హైమ మళ్ళీ రాసింది.

"సరే, సీర మార్సుకుంతందేమో. ముసిలిదైనా సోకు పోలేదు. నాను కూకుంటాను," అంది దాలమ్మ.

కూర్చుంది. ఒకసారి కొంగు సవరించుకుంది. ఒకసారి రేవతి నీళ్ళిస్తే తాగింది. నలభై నిమిషాలు నేను దాన్ని చూశాను, అది నల్లటి తెరను చూసింది. చివరికి రేవతి లేపబోతే, "అప్ప వస్తాదే, దానికి పెతీదీ ఆలీసమే," అంది. తిట్టడం మాత్రం తిట్టలేదు. మొహం కనబడ్డాకే తిడదామని దాచుకున్నట్టుంది.

మర్నాడు హైమ సంతకం సంగతి మరచిపోయి ఆఫీసులో గట్టిగా మాట్లాడింది. స్వీయ అభిమతంతో పొందిన యంత్రాన్ని ఆరు నెలల వరకు మార్చరాదన్నారు. ప్రభుత్వ యంత్రానికి ప్రైవేటు కెమెరా తగిలించడం కూడా నేరమన్నారు. హైమ వాళ్ళ ఎదుటే విశాఖపట్నం దుకాణానికి ఫోను చేసి కెమెరా తెప్పించమంది. శుక్రవారం వస్తుందన్నారు.

శుక్రవారం వచ్చింది. దాలమ్మ బుధవారం పోయింది.

పదిహేను రోజుల తరవాత కూర్మారావు గారు వినియోగ నివేదిక పట్టుకుని ఇంటికి వచ్చారు. మరణం సంగతి ఆయనకి తెలుసు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తరవాత, "ఇది లేకపోతే ఫైలు ముగియదమ్మా. తమరు చెప్పండి, నేను రాస్తాను," అన్నారు. నాకు రాయడం వచ్చన్నాను. కాగితం తీసుకుని నేనే నింపాను.

ప్రాథమిక వినియోగము జరిగినదా? జరిగింది. ఎంతసేపు? నలభై నిమిషాలు. యంత్రము వలన నివారించబడిన ప్రయాణములు? ఒకటి. పోర్టుబ్లెయిరుకి, నాది.

ఎవరితో సంభాషించుటకు? ఆ వ్యక్తి దరఖాస్తుదారు ఇంటికి చివరిసారి వచ్చి వెళ్ళిన తేదీ? తిరిగి వచ్చిన తేదీ?

నా చెల్లెలు కొర్ల దాలమ్మతో. 2011 మే పద్నాలుగు, శనివారం, మధ్యాహ్నం రైలుకి వెళ్ళింది. తిరిగి రాలేదు.